ఆగిన మగ్గం ముందు కనబడాలి

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మేము కర్ణాటకలో మొళకాల్మూరు దిక్కు నుంచి వచ్చినాము. పట్టుచీరల ఊరు అది. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, మా బతుకు అట్లా నడుస్తుంది.

సంఘాలు నడిపే సర్వీసు బళ్ళకు సాఫ్ట్‌వేర్ ఎట్లా ఎంచుకోవాలో చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని అడిగినారు. కంప్యూటర్ చదివిన పిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మా కార్యవర్గంలో ఎనిమిదో తరగతి దాటినోళ్ళే తక్కువ. అయినా మమ్మల్నే ఎందుకు అడిగినారంటే, డబ్బు కట్టింది మేము, రోజూ వాడుతున్నది మేము. కంపెనీవాళ్ళు చెప్పేది మీరు ఎట్లాగూ వింటారు. కొన్నవాళ్ళు చెప్పేది కూడా ఒకసారి వినండి.

మొదట మా బళ్ళు ఏం చేస్తాయో చెప్తాము. నాలుగు సంఘాలు కలిసి ఐదు బళ్ళు నడుపుతున్నాము. పట్టు బెంగళూరు నుంచి వస్తుంది, జరీ సూరత్ నుంచి వస్తుంది. పడుగులు, పేక నూలు, జరీ నేసేవాళ్ళ ఇళ్ళకు చేర్చడం ఒక పని. దిగిన చీరలు తెచ్చుకోవడం రెండో పని. మగ్గం చెడిపోతే మేస్త్రీని, సామానును తీసుకుపోవడం మూడో పని. జాకార్డు తాడు తెగుతుంది, అట్టలు నలుగుతాయి, పన్నె పళ్ళు వంగుతాయి, వానాకాలం గుంతలోకి నీళ్ళు ఊరుతాయి. ఇవన్నీ మీకు తెలిసినవే.

ఈ మూడు పనుల్లో ఏది ఆలస్యమైనా జరిగేది ఒక్కటే. మగ్గం ఆగిపోతుంది. మనకు నెల జీతం లేదు. చీర దిగితేనే మజూరీ. పేక నూలు మూడు రోజులు రాకుంటే ఆ మూడు రోజుల కూలి ఆ ఇంటికి లేనట్టే. బండి డ్రైవరుకు జీతం పడుతుంది, సెక్రెటరీకి జీతం పడుతుంది, ఆగిన మగ్గం ముందు కూచున్న మనిషికి మాత్రం ఏమీ పడదు. సాఫ్ట్‌వేర్ మాట ఇక్కడ నుంచి మొదలుపెట్టాలి. బండి యాడ ఉంది అనేది రెండో ప్రశ్న. ఏ మగ్గం ఆగింది, ఎప్పటినుంచి ఆగింది అనేది మొదటి ప్రశ్న.

ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నామంటే, అంగట్లో రెండు వేరువేరు సరుకులు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. ఒకటి జీపీఎస్ డబ్బా. బండికి బిగిస్తారు. మ్యాపు మీద బండి కదులుతూ కనబడుతుంది, ఎంత వేగం, ఎంతసేపు ఆగింది అన్నీ చెప్తుంది. చూడ్డానికి బాగుంటుంది. రెండోది ఫీల్డ్ సర్వీస్ సాఫ్ట్‌వేర్. దీంట్లో పని మొదటినుంచి చివరిదాకా ఉంటుంది. ఎవరు ఫోన్ చేసినారు, ఏం చెడింది, ఎవరిని పంపినాము, బండిలో ఏ సామాను ఉంది, ఏది వాడినారు, పని తీరిందా లేదా, మళ్ళీ పోవాల్నా. మొదటిదానికి బండే లెక్క. రెండోదానికి పని లెక్క. మా దగ్గరికి వచ్చిన కంపెనీ మనుషుల్లో సగంమంది మ్యాపు చూపించి, అదే సర్వీసు సాఫ్ట్‌వేర్ అని చెప్పినారు. బండి రాంపుర దగ్గర ఆగి ఉంది అని మ్యాపు చెప్తుంది. అక్కడ ఒక మగ్గం మళ్ళీ ఆడిందా లేదా అనేది మ్యాపుకు తెలీదు.

కాబట్టి ఏ కంపెనీనీ పిలవకముందు ఒక నెల నోటుపుస్తకం పెట్టండి. మేము పెట్టినాము. రూళ్ళ పుస్తకంలో ఆరు గడులు: ఎవరి మగ్గం, ఏ రకం మగ్గం, ఏం చెడింది, ఎప్పుడు చెప్పినారు, మనిషి ఎప్పుడు పోయినాడు, మొదటి రాకలోనే పని తీరిందా. నెల తిరిగేసరికి అందరికీ కనబడింది. ఆలస్యానికి దారి దూరం కారణం అనుకుంటూ ఉండినాము. కానీ మేస్త్రీ రెండోసారి పోవాల్సి రావడానికి ఎక్కువసార్లు కారణం బండిలో సామాను లేకపోవడమే. పోయినాడు, చూసినాడు, తాడు లేదని తిరిగి వచ్చినాడు. ఆ ఇంటికి ఇంకో రెండు రోజులు పోయినాయి. ఈ నోటుపుస్తకం లేకుండా సాఫ్ట్‌వేర్ కొంటే, మనకు లేని జబ్బుకు మందు కొన్నట్టే.

ఇంకొక మాట. ఒకే బండి, ముప్పై నలభై మగ్గాలు ఉన్న సంఘానికి సాఫ్ట్‌వేర్ వద్దు. నోటుపుస్తకం, ఒక ఫోను, గోడమీద ఒక నల్లబల్ల చాలు. బళ్ళు మూడు నాలుగు దాటి, ఊళ్ళు చెదురుగా ఉండి, ఎవరు యాడికి పోయినారో ఒక మనిషి తలలో పట్టనప్పుడే ఇది అవసరం. చిన్న సంఘాలు విడివిడిగా కొనొద్దు, కలిసి కొనుక్కోండి.

ఇప్పుడు కొనేముందు పెట్టాల్సిన పరీక్షలు చెప్తాము. ఇవి కంపెనీ కాగితంలో ఉండవు.

మొదటిది, నెట్‌వర్క్. మా దిక్కు కొండలు, బండరాళ్ళు. సిగ్నల్ ఉన్నట్టుండి పోతుంది. కంపెనీ మనిషి మన ఆఫీసులో కూచుని యాప్ చూపిస్తాడు. అతని ఫోను విమానం గుర్తు మీద పెట్టించండి. అప్పుడు పని తెరుచుకుంటుందా, ఫోటో తీయగలమా, సంతకం పెట్టించుకోగలమా, సిగ్నల్ వచ్చినాక అంతా దానంతట అదే పైకి పోతుందా చూడండి. ఈ ఒక్క పరీక్షలోనే ఇద్దరు వెనక్కి పోయినారు.

రెండోది, భాష. దీంట్లో మనకు ఒక విచిత్రం ఉంది. తెలుగులో ఉంటే చాలు కదా అనుకుంటాము. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు, కానీ మా పిల్లలు చదివేది కన్నడ అక్షరాలు. బరంపురం పిల్లలకు ఒడియా, షోలాపూరు పిల్లలకు మరాఠీ, కంచి పిల్లలకు అరవం. మా మేస్త్రీకి తెలుగు మాట కావాల, కన్నడ అక్షరం కావాల. కాబట్టి మీ డ్రైవరు, మీ మేస్త్రీ ఏ లిపి చదువుతారో చూసి ఆ లిపి అడగండి. చదవలేనివాళ్ళకు మాట రికార్డు చేసే వీలు ఉండాలి. "జాకార్డు ఎడమ దిక్కు హుక్కులు లేవడం లేదు" అని మగ్గం దగ్గర నిలబడి చెప్తే చాలు, రాయక్కరలేదు. మన సామాను పేర్లు మనమే ఎక్కించుకునే వీలు కూడా ఉండాలి. పన్నె, అచ్చు, నాడె, కండె అనే మాటలు యాడో తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఉండవు. మార్చుకోనిస్తారా లేదా అడగండి.

మూడోది, బండిలో సామాను. ఆఫీసు గదిలో ఏముంది అనేది అందరూ చూపిస్తారు. ప్రతి బండిలో ఏముంది అనేది విడిగా చూపించాల. ఒక తాడు వాడితే ఆ బండి లెక్కలో తగ్గాల, తక్కువైతే ముందే చెప్పాల. మా నోటుపుస్తకం చెప్పిన జబ్బు ఇదే కాబట్టి దీనికే మేము ఎక్కువ మార్కులు వేసినాము. మీ పుస్తకం వేరే జబ్బు చెప్తే మీరు దానికి వేయండి.

నాలుగోది, కాగితాలు. నూలు, పడుగు నేసేవాళ్ళ ఇంటికి పోయేటప్పుడు అది అమ్మకం కాదు, జాబ్ వర్కు. డెలివరీ చలానా ఉండాల. సాధారణంగా 50,000 రూపాయలు దాటిన సరుకుకే ఈ-వే బిల్లు అంటారు. కానీ జాబ్ వర్కుకు సరుకు రాష్ట్రం దాటి పోతే విలువ ఎంతైనా ఈ-వే బిల్లు కావాల. మాకు పక్కనే రాయదుర్గం. సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్. మా దృష్టిలో అది పక్క ఊరు, చట్టం దృష్టిలో పక్క రాష్ట్రం. మీలో సరిహద్దు పక్కన ఉన్నవాళ్ళందరికీ ఇదే లెక్క. అందుకని పని కేటాయించేటప్పుడే చలానా నంబరు, ఈ-వే బిల్లు నంబరు ఆ పని కిందే ఎక్కే వీలుందా చూడండి. జాబ్ వర్కుకు ఇచ్చిన సరుకు ఏడాదిలోపల తిరిగి రావాలనే నియమం కూడా ఉంది. ఏ ఇంట్లో ఏ పడుగు ఎప్పటినుంచి ఉందో ఒకచోట కనబడితే ఆడిటు రోజు నెమ్మదిగా నిద్రపోవచ్చు.

ఐదోది, బండి ఆరోగ్యం. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పర్మిట్, ఫిట్‌నెస్ తేదీలు ముందుగా గుర్తుచేయాల. సరుకు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకొకసారి ఫిట్‌నెస్, ఆ పైన ఏటా. మన బళ్ళు ఎక్కువ పాతవే కాబట్టి ఏటా అనే రాసుకోండి. నూనె మార్పు, బ్రేకులు తిరిగిన కిలోమీటర్ల ప్రకారం చెప్పాల. బండి దోవలో ఆగితే ఒక బండి ఆగినట్టు కాదు, ఆ రోజు అది పోవాల్సిన మగ్గాలన్నీ ఆగినట్టు.

ఆరోది, డబ్బు. ఇక్కడ జాగ్రత్త. ధర చెప్పేటప్పుడు నెలకు ఒక మనిషికి ఇంత అని చిన్నగా చెప్తారు. ఉదాహరణకు మనిషికి నెలకు 400 రూపాయలు అనుకుందాము. ఐదుగురు డ్రైవర్లు, ఇద్దరు మేస్త్రీలు, ఆఫీసులో ఒకరు, ఎనిమిది మంది. నెలకు 3,200. ఏడాదికి 38,400. దానిమీద జీఎస్టీ 18 శాతం, 6,912. మొత్తం 45,312 రూపాయలు. మొదట చెప్పిన 400 ఇప్పుడు ఎంతయిందో చూడండి. దీని పైన మొదటిసారి బిగించినందుకు, నేర్పినందుకు వేరే అడుగుతారా, రెండో ఏడు ధర పెరుగుతుందా, డ్రైవరు మారితే కొత్త మనిషికి మళ్ళీ కట్టాల్నా, ఇద్దరు మేస్త్రీలు ఒక ఫోను వాడితే ఒప్పుకుంటారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మాటల్లో చెప్పింది మాటల్లోనే పోతుంది. ఏడాది మొత్తం తెలిసినాక దాన్ని మజూరీతో కొలవండి. ఈ డబ్బు ఎన్ని మగ్గాల ఎన్ని రోజుల కూలికి సమానం? అన్ని రోజుల ఆలస్యం ఇది తగ్గించకపోతే, ఆ డబ్బు నేసేవాళ్ళకే పంచిపెట్టడం మేలు.

ఏడోది, మన లెక్క మన చేతికి రావడం. మాకు తెలిసిన ఒక సంఘం లెక్కల ప్రోగ్రాము కొనింది. కొన్నేళ్ళకు ఆ అమ్మినవాళ్ళు పని చాలించినారు. పాత లెక్కలన్నీ వాళ్ళ దగ్గరే ఉండిపోయినాయి. చేత్తో మళ్ళీ రాసుకున్నారు. అందుకని సంతకం పెట్టకముందే అడగండి: మా సమాచారమంతా ఎక్సెల్ మాదిరి ఫైలులో ఎప్పుడంటే అప్పుడు దించుకోవచ్చునా? మేము మానేస్తే ఎన్నాళ్ళు ఉంచుతారు, తర్వాత చెరిపేస్తారా? మేము ప్రతి నెలా ఒకటో తేదీన దించుకుని పెట్టుకుంటాము. దీంట్లో మన మనుషుల పేర్లు, ఫోను నంబర్లు, ఇంటి గుర్తులు ఉంటాయి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఎవరి వివరాలు తీసుకుంటామో వాళ్ళకు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి ఒప్పించుకోవాల. చట్టం లేకపోయినా అది మన మర్యాద.

ఈ ఏడు పరీక్షలూ యంత్రానికి. ఇప్పుడు మనుషుల సంగతి. అసలు కష్టం అక్కడే వచ్చింది మాకు.

సర్వసభ్య సమావేశంలో సాఫ్ట్‌వేర్ మాట ఎత్తగానే ఒక డ్రైవరు లేచినాడు. "అన్నా, ఇది మగ్గాల కోసమా, మమ్మల్ని కావలి కాయడానికా?" అన్నాడు. సమాధానం చెప్పేలోపల వెనక నుంచి ఒక పెద్దమ్మ లేచింది. "నాయనా, పడుగు ఇచ్చిన రోజు, చీర దిగిన రోజు రెండూ దీంట్లో ఉంటాయంటివి కదా. నాకు కండ్లు సరిగ్గా ఆనవు. ఒక చీరకు పక్కింటి పిల్లకంటే నాకు నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. రేపు ఇది చూపించి నాకు పడుగు ఇవ్వమంటే ఏం చేయాల?" అనింది.

ఆ రోజు సభలో చాలాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. ఎందుకంటే ఆ పెద్దమ్మ చెప్పింది నిజం. ఆలస్యాన్ని కొలిచే యంత్రం మనది ఎంత కొలుస్తుందో నేసేవాళ్ళది కూడా అంతే కొలుస్తుంది. సంఘం ఆలస్యం కొలవడానికి తెచ్చిన కత్తి నేసేవాళ్ళ మెడకు తగలకూడదు. సంఘం అంటే ఒక్కొక్కరూ విడిగా నిలబడలేని వాళ్ళు కలిసి నిలబడడానికి పెట్టుకున్నది. నిదానంగా నేసేవాళ్ళను తీసేయడానికైతే షావుకారు చాలు, సంఘం ఎందుకు?

ఆ సమావేశంలోనే నాలుగు తీర్మానాలు రాసి అందరి చేతా సంతకాలు పెట్టించినాము. ఒకటి, ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఏ అంకె చూపించీ ఎవరి మజూరీ తగ్గించరాదు, ఎవరికీ పడుగు ఆపరాదు. రెండు, బండి జాడ డ్యూటీ టైములో మాత్రమే చూడాల, డ్యూటీ దిగినాక ఆపేయాల. మూడు, నెల నెలా చదివే లెక్కలో ముందు సంఘం ఆలస్యం చదవాల, సెక్రెటరీ దానికి జవాబు చెప్పాల. నాలుగు, ఏ సభ్యుడైనా సభ్యురాలైనా తమ గురించి దాంట్లో ఏముందో అడిగితే అదే రోజు చూపించాల. మీరు ఏ సాఫ్ట్‌వేర్ అయినా కొనండి, మాకు అభ్యంతరం లేదు. కానీ తీర్మానం ముందు రాయండి, డబ్బు తర్వాత కట్టండి. సాఫ్ట్‌వేర్ వచ్చినాక రాద్దామంటే అప్పటికే అంకెలు ఎవరి చేతిలోనో ఉంటాయి.

ఇంకొక సంగతి ఆడవాళ్ళది. 2019-20 చేనేత గణాంకాల ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైన ఉన్నారు. వాళ్ళలో వందకు డెబ్బైమందికి పైగా ఆడవాళ్ళే. కానీ సంఘం పుస్తకంలో మగ్గం మగవాళ్ళ పేరున ఉంటుంది. ఫోను కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు బెంగళూరులో ఉంటాడు. మగ్గం ముందు కూచునేది ఆమె, మగ్గం చెడితే చూసేది ఆమె, ఫోను చేయడానికి మాత్రం ఆమె దగ్గర నంబరు లేదు. మేము ప్రతి మగ్గానికీ నేసే మనిషి పేరు, ఆమె చేతికి అందే నంబరు విడిగా ఎక్కించినాము. పక్కింటివాళ్ళ నంబరైనా సరే. నేసేవాళ్ళు యాప్ వేసుకోవాల్సిన పని లేదని కంపెనీకి ముందే చెప్పినాము. మామూలు ఫోనులో ఒక మిస్డ్ కాల్ ఇస్తే, ఆఫీసులో కూచున్న అమ్మాయి తిరిగి ఫోన్ చేసి అడిగి ఎక్కిస్తుంది. యాప్ డ్రైవరుకు, మేస్త్రీకి, ఆఫీసుకు. నేసేవాళ్ళకు మనిషి గొంతు.

ఇవన్నీ చూసినాక మూడు కంపెనీలు మిగిలినాయి. అందరూ ఏడాది డబ్బు ముందే కట్టమన్నారు. మేము ఒక్క దోవలో, ఒక్క బండితో రెండు నెలలు నడిపి చూస్తామన్నాము. ఇద్దరు ఒప్పుకున్నారు. ఇద్దరినీ నడిపించినాము, నోటుపుస్తకం పక్కనే పెట్టుకుని. ఎంచుకునేటప్పుడు డ్రైవర్లకు, మేస్త్రీలకు, ఆఫీసు అమ్మాయికి ఒక్కొక్క ఓటు, మా కార్యవర్గం మొత్తానికి కలిపి ఒక్కటే ఓటు. రోజూ వేళ్ళు అరిగేది వాళ్ళవి కదా. వాళ్ళు ఎంచుకున్నది మ్యాపు అంత అందంగా లేనిది. కానీ తెరవగానే పైన ఆగిన మగ్గాల పట్టీ వస్తుంది, ఎక్కువ రోజులు ఆగింది పైన ఉంటుంది. దోవలో దగ్గరగా ఉన్నవాటిని జతచేసి చూపిస్తుంది, ఏది ముందు పోవాలో మాత్రం మనిషే తేలుస్తాడు. ఆ పట్టీనే ఆఫీసు బయట నల్లబల్ల మీద రోజూ పొద్దున రాస్తాము. దారిన పోయే ఎవరైనా చదవొచ్చు. ఏదైనా పేరు మూడు రోజులు చెరగకుండా ఉంటే ఊరే మమ్మల్ని అడుగుతుంది. ఆ అడగడమే మాకు మంచి కాపలా.

దీనితో అన్నీ తీరినాయని చెప్పము. జాకార్డు మేస్త్రీలు ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ యాభై దాటింది. ఒకరికి జ్వరం వస్తే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది, మేస్త్రీ లేడని ఎర్ర రంగులో చూపిస్తుంది. పిల్లలు ఈ పని నేర్చుకోవడానికి రావడం లేదు. ఒక్క మంచి జరిగింది. ప్రతి రిపేరుకు ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో తీయాలని పెట్టినాము. ఆ ఫోటోలు, మేస్త్రీలు చెప్పిన మాటలు పేరుకుంటున్నాయి. రేపు ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే అవి పాఠంగా పనికొస్తాయి. వచ్చే మనిషి మాత్రం మన ఇళ్ళలోనుంచే రావాల.

చివరగా సమాఖ్యకు మా మనవి రెండు. ఐదు చోట్ల ఉన్న మన సంఘాలు ఒక్కొక్కటీ విడిగా బేరం చేస్తే కంపెనీ చెప్పిందే ధర. అందరం కలిసి అడిగితే ధరా తగ్గుతుంది, కన్నడ, అరవ, ఒడియా, మరాఠీ, తెలుగు లిపులు ఐదూ పెట్టమని గట్టిగా అడగొచ్చు. రెండోది, ఆ నాలుగు తీర్మానాలను మీ మీ సంఘాల్లో చర్చించండి. బాగుంటే తీసుకోండి, తక్కువుంటే చేర్చండి, మాకూ రాసి పంపండి.

యంత్రం కొనేటప్పుడు అందరూ అడిగేది ఇది ఏం చేస్తుంది అని. దాంతో పాటు, ఇది ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరిని అడుగుతుంది అని కూడా అడగండి. అది ముందు సంఘాన్ని అడగాల. నేసేవాళ్ళను అడిగే పని దానికి లేదు.